సునాదే కాస్ప్లే కుట్టించుకోవాలి, ఛాతీ దగ్గర రెడీమేడ్ ఏదీ సరిపోవట్లేదు, విజయనగరంలో ఎలా?

గంటస్తంభం_అమ్మాయి:

అందరికీ నమస్తే. నాది విజయనగరం, వయసు 27, ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. ఈసారి హైదరాబాద్ కామిక్ కాన్‌కి (కామిక్స్, కార్టూన్ అభిమానుల మేళా) నరూటో అనే జపాన్ యానిమే, అంటే కార్టూన్ సీరియల్‌లోని సునాదే వేషం వేసుకుని వెళ్లాలని గట్టిగా అనుకున్నాను. నా ఒళ్లు నిండుగా ఉంటుంది, ముఖ్యంగా ఛాతీ. నేను చూసిన యానిమేల్లో నాలాంటి ఒంటితో ఉండి, ఊరంతటికీ పెద్దదిక్కై, వైద్యం చేసే చేత్తోనే ఒక్క గుద్దు గుద్ది నేల బద్దలు కొట్టే మనిషి ఆవిడే. పైగా పాత్ర వయసు 50 దాటింది, అయినా ఆ దర్జా చూడండి. అందుకే ఆవిడ. దయచేసి వేరే పాత్ర చెప్పకండి.

ఇక సమస్య. ఆన్‌లైన్‌లో ఒక రెడీమేడ్ సెట్ తెప్పించాను, డబుల్ ఎక్సెల్. భుజాలు రెండు పక్కలా రెండేసి వేళ్లు కిందికి జారిపోతున్నాయి, పైన కోటు చేతులు వేళ్ల దాకా వస్తున్నాయి, కానీ ఛాతీ దగ్గర మాత్రం ఒక అంచు మీదికి ఇంకో అంచు రావడమే లేదు. కూర్చుంటే ముందు భాగం మొత్తం పైకి లేచిపోయి ఓబీ (నడుముకి చుట్టే వెడల్పాటి పట్టీ) లోంచి బయటికి వచ్చేస్తోంది. మా వీధిలో కుట్టేవాళ్ల దగ్గరికి పట్టుకెళ్తే ఆవిడ చూసి, "ఏటమ్మా ఇది, మెడ పైకి లేపీసి పైన కోటు ముందు మూసీద్దాం, ఏటీ కనపడదు" అన్నారు. అమ్మేమో మొత్తం లూజుగా కుట్టించుకోమంటోంది. లూజు వేస్తే నేను రెండింతలు కనిపిస్తాను, అది నాకు ఎప్పటి నుంచో తెలిసిన సంగతే.

నాకు కావలసింది ఇంకొంచెం చూపించడం కాదు, దాచుకోవడం కూడా కాదు. ఆ డ్రెస్ నా ఒంటికి కొలిచి కోసినట్టు ఉండాలి, రోజంతా మాటిమాటికీ సర్దుకోకుండా తిరగగలగాలి. నా కొలతలు: ఛాతీ 40, ఛాతీ కింద 34, నడుము 34, ఎత్తు 5 అడుగుల 3 అంగుళాలు. గుడ్డ ఏది తీసుకోవాలి, మెడ దగ్గర తెరుచుకోకుండా ఏం చేయాలి, లోపల ఏం వేసుకోవాలి? బడ్జెట్ విగ్గుతో కలిపి ఆరు వేలు. కుట్టుపని తెలిసినవాళ్లు, ఇంతకుముందు కాన్‌కి వెళ్లినవాళ్లు చెప్పండి.

కుట్టుమిషన్_శ్రీకాకుళం:

చెల్లీ, ముందు ఆ రెడీమేడ్ సెట్‌ని పక్కన పెట్టండి, దాంట్లోంచి ఓబీ, ప్యాంటు మాత్రం పనికొస్తాయేమో చూడండి. నేను శ్రీకాకుళంలో బ్లౌజులు, పెళ్లి డ్రెస్సులు కుడతాను, నిండైన ఛాతీ ఉన్నవాళ్లు నా దగ్గరికి ఎక్కువ వస్తారు, వాళ్లందరిదీ మీరు చెప్పిన బాధే. ఛాతీకి సరిపడా సైజు తీసుకుంటే భుజం జారుతుంది, భుజానికి సరిపడా తీసుకుంటే ముందు మూసుకోదు. ఇది మీ ఒంటి లోపం కాదు, ప్యాటర్న్ తయారుచేసే పద్ధతే అలాంటిది. అచ్చు ప్యాటర్న్‌లు చాలావరకు బీ కప్పుకి గీస్తారు, అంటే పై ఛాతీకి, నిండు ఛాతీకి మధ్య రెండు అంగుళాల తేడా ఉంటుందని లెక్క వేసుకుని. మీకు అంతకంటే ఎక్కువ ఉంటుంది.

కాబట్టి ఇంకో కొలత తీసుకోండి. టేపు వెనక నుంచి చంకల కిందుగా తెచ్చి, ముందు ఛాతీ ఉబ్బుకి పైన కలపండి. మీ ఇతర కొలతలు చూస్తే అది 36 దగ్గర్లో వస్తుందని నా అంచనా. అలా వస్తే మీ ప్యాటర్న్ సైజు 36, 40 కాదు. భుజం, మెడ, చంక కట్, వీపు అన్నీ 36కే కోయాలి. 36కీ 40కీ తేడా నాలుగు, అందులో రెండు ప్యాటర్న్‌లోనే ఉన్నాయి, మిగిలిన రెండు అంగుళాలు ముందు భాగంలో మాత్రమే కలపాలి, ఒక్కో పక్కకి ఒక్కో అంగుళం. ఎలాగంటే, ముందు పీసు కాగితం మీద అపెక్స్ పాయింట్ (ఛాతీ ఉబ్బు కొన వచ్చే చోటు) గుర్తుపెట్టి, కింది అంచు నుంచి నిలువుగా అపెక్స్ దాకా, అక్కణ్ణించి ఏటవాలుగా చంక దాకా కత్తిరించి, చంక కుట్టు దగ్గర మాత్రం విడిపోకుండా ఉంచి, అపెక్స్ దగ్గర ఆ అంగుళం ఎడం చేయాలి. ఇంకో చీలిక పక్క కుట్టు నుంచి అపెక్స్ దాకా. ఎడం చేసినప్పుడు అక్కడ తెరుచుకున్న త్రికోణమే మీ పక్క డాట్ (లోపలికి మడిచి కుట్టే మడత) అవుతుంది. ముందు భాగం పొడవు కూడా దానంతట అదే పెరుగుతుంది, లోపలి అంచు పొట్టిగా మిగులుతుంది కాబట్టి దాన్ని కూడా అడ్డంగా కోసి కిందికి దింపి సమం చేయాలి. ఆ పొడవు లేకపోవడం వల్లే మీకు కూర్చున్నప్పుడు డ్రెస్ పైకి లేస్తోంది, ఓబీ తప్పు కాదు. మీ టైలర్ గారికి ఈ మాటే చెప్పండి: "36 కొలతకి కోసి, ముందు మాత్రం నిండుగా తీయండి." బ్లౌజులు బాగా కుట్టేవాళ్లకి వెంటనే అర్థమవుతుంది.

డాట్ ఇష్టం లేకపోతే ప్రిన్సెస్ కట్ చేయించండి, అతుకు సరిగ్గా అపెక్స్ మీదుగా వెళ్లాలి, ఒక అంగుళం పక్కకి పోయినా అక్కడ గుడ్డ సంచీలా ఉబ్బుతుంది. కటోరీ మాత్రం వద్దు, ఆ గుండ్రటి అతుకు బూడిద రంగు సాదా గుడ్డ మీద కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, సునాదే పై భాగం చూడ్డానికి అతుకులు లేనట్టు నున్నగా ఉండాలి.

మెడ తెరుచుకోవడం గురించి. ఆ ఏటవాలు అంచు క్రాస్‌లో పడుతుంది, క్రాస్ గుడ్డ సాగుతుంది, సాగినకొద్దీ తెరుచుకుంటుంది. లోపలివైపు నిలువు పోగులో కోసిన సన్నటి పట్టీ వేయించండి, ఆ పట్టీని మెడ అంచు కన్నా అర అంగుళం పొట్టిగా కోసి, గుడ్డని దానికి ఇముడ్చుకుంటూ కుట్టాలి. అప్పుడు అంచు ఒంటికి అతుక్కుని కూర్చుంటుంది. అంచులు కలిసే చోట లోపల రెండు టిచ్ బటన్లు, ఎడమ పక్క లోపల ఒక నాడా. ఇంకా భయంగా ఉంటే ఒంటి రంగు గుడ్డతో ఒక పలక పీసు లోపల అటాచ్ చేయండి, ఫొటోల్లో తెలియదు.

అసలు గుడ్డ కోసే ముందు కోరా గుడ్డతో కచ్చా కుట్టు వేయించి ఒకసారి తొడుక్కుని చూడండి. చేతులు పైకెత్తి, వంగి, కుర్చీలో కూర్చుని. కోరాకి అయ్యే ఖర్చు కోసి పాడైన మంచి గుడ్డ ఖర్చు కంటే చాలా తక్కువ.

నాగావళి_ఒడ్డు:

పై అక్క చెప్పిన దానికి ఒక ముక్క ముందు పెట్టాలి. కొలతలు తీసుకునే ముందే బ్రా సంగతి తేల్చుకోండి, ఎందుకంటే కొలత దాని మీదే ఆధారపడుతుంది. మన దగ్గర చాలా షాపుల్లో ఛాతీ 40 అనగానే 40బీ చేతిలో పెడతారు. మీకు ఛాతీ కింద 34, తేడా ఆరు అంగుళాలు. అంటే పట్టీ సైజు 34 గానీ 36 గానీ, కప్పు మాత్రం డీ దాటి పైది. అక్షరం కంపెనీని బట్టి మారుతుంది, ఒకళ్లు ఈ అంటారు, ఇంకొకళ్లు ఎఫ్ అంటారు, ఆ కంపెనీ చార్టు చూసే కొనండి. బరువు మోయాల్సింది వీపు చుట్టూ ఉండే పట్టీ, భుజం మీది స్ట్రాప్ కాదు. పట్టీ వదులుగా ఉంటే వెనక పైకి పాకుతుంది, ముందు కిందికి జారుతుంది, సాయంత్రానికి మెడా భుజాలూ లాగేస్తాయి.

నేను ఒకసారి బ్లీచ్ అనే యానిమేలోని రంగికు మాత్సుమోతోగా వెళ్లాను. నల్ల కిమోనో, లోతు మెడ, గులాబీ రంగు స్కార్ఫ్. నాదీ మీలాంటి ఒళ్లే. లోపల ముందు లోతుగా ఉండే ప్లంజ్ రకం వేసుకుని, కిమోనో అంచుని బట్టలకి అతికించే రెండు వైపుల టేపుతో ఒంటికి అతికించాను. ఆ టేపు చెమటకి ఊడుతుంది, అందుకని ముందు చర్మం తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి అతికించాలి, అక్కడ పౌడర్, లోషన్ ఏదీ రాయకూడదు. పౌడర్ ఛాతీ కిందా చంకల్లోనూ మాత్రమే రాయండి, ఒరుసుకుపోయేది అక్కడే. టేపు ముక్కలు ఇంకొన్ని జేబులో ఉంచుకోండి.

గట్టిగా అదిమే స్పోర్ట్స్ బ్రా వేసుకుని చిన్నగా చూపించుకోమని ఎవరైనా సలహా ఇస్తారు, వినకండి. ఒకటి, ఊపిరి ఆడదు, విగ్గు వేడికి తోడు అదొకటి. రెండు, మీరు ఎన్నుకున్న పాత్ర ఆకారమే అది కదా. మనం చిన్నప్పటి నుంచి పుస్తకాలు గుండెలకి హత్తుకుని, భుజాలు ముందుకు ముడుచుకుని నడవడం అలవాటు చేసుకున్నవాళ్లం. సునాదే అలా నిలబడదు. అద్దం ముందు భుజాలు వెనక్కి పెట్టి, నడుం మీద చెయ్యి వేసి, గడ్డం కాస్త పైకెత్తి నిలబడటం ప్రాక్టీస్ చేయండి. నాకైతే బట్టల కన్నా దానికే ఎక్కువ టైమ్ పట్టింది, తర్వాత ఆఫీసులో కూడా అలాగే నిలబడుతున్నాను.

పొందూరు_దారం:

గుడ్డ గురించి నేను చెప్తాను, మాది పొందూరు. పైన వేసుకునే ఆకుపచ్చ కోటు, అదే హావొరీ, మన ఖాదీతో కుట్టించుకోండి. కొండపత్తిని వాలుగ చేప దవడ ఎముకతో ఏకి, చేత్తో వడికి నేసిన సన్నరకం ఒంటి మీద ఉన్నట్టే తెలియదు, గాలి ఆడుతుంది, నడుస్తుంటే వెనక అందంగా కదులుతుంది. పాలిస్టర్ శాటిన్‌లో అది రాదు, శాటిన్ ఫ్లాష్ పడితే మెరిసిపోయి నాటకాల డ్రెస్‌లా కనిపిస్తుంది. 44 అంగుళాల పన్నాలో మూడు మీటర్లు చాలు. అయితే సన్నరకం ధర ఎక్కువ, మీ ఆరు వేలలో విగ్గు కూడా ఉందంటున్నారు కాబట్టి కాస్త ముతక రకం తీసుకోండి, హావొరీకి అదే ఇంకా బాగా నిలుస్తుంది.

లోపలి బూడిద రంగు దానికి మాత్రం ఖాదీ వద్దు. మా ఊరి గుడ్డ మీద నాకు ఎంత ప్రేమున్నా ఇది చెప్పాలి: సన్నటి చేనేత బిగువుగా లాగే చోట కుట్టు దగ్గర పోగులు విడిపోతాయి. ఛాతీ మీద, చంక దగ్గర ఆ లాగుడు తప్పదు. దానికి కాటన్ ట్విల్ గానీ మందంగా ఉండే క్రేప్ గానీ తీసుకుని కాటన్ లైనింగ్ వేయించండి. రూబియా తీసుకుంటే పల్చగా ఉంటుంది, బ్రా గీతలు కనిపిస్తాయి.

హావొరీ వీపు మీద ఎర్ర గుండ్రంలో పందెం అనే అర్థం వచ్చే జపాన్ అక్షరం ఉంటుంది కదా. దాన్ని ప్రింట్ తీసి, మందపాటి కాగితం మీద కత్తిరించి, ఫ్యాబ్రిక్ పెయింట్‌తో స్పాంజి అద్దండి. గంజి పెట్టిన గుడ్డ మీద రంగు పట్టదు, ముందు ఉతికి ఆరేయండి. బ్రష్‌తో గీతే వాళ్లు ఉంటారు, కానీ ఖాదీలో తడి రంగు పోగుల వెంట పాకుతుంది.

రాజాం_పెద్దమ్మ:

నేను ఇద్దరు ఆడపిల్లల తల్లిని, తప్పుగా అనుకోవద్దు తల్లీ. మీ సరదా మీది. కానీ మన వైపు ఊళ్లలో ఒక ఫొటో బయటికి వస్తే వంద మాటలు వస్తాయి. పూర్తిగా కప్పి ఉండే పాత్రలు కూడా చాలా ఉంటాయని మా చిన్నమ్మాయి చెప్తోంది. అది ఆలోచించకూడదా? మీ అమ్మగారి టెన్షన్ నాకు అర్థమవుతోంది.

గంటస్తంభం_అమ్మాయి:

పెద్దమ్మా, మీరు ప్రేమతోనే అడిగారు, నేనూ అలాగే చెప్తాను. మెడ దాకా బటన్లు పెట్టుకుని చుడీదార్ మీద చున్నీ రెండు మడతలు వేసుకుని బస్సెక్కినా నన్ను చూసేవాళ్లు చూస్తూనే ఉన్నారు, అనేవాళ్లు అంటూనే ఉన్నారు. కప్పుకోవడం వల్ల మాటలు ఆగిన రోజు నాకు లేదు. దాని వల్ల పోయినవి మాత్రం ఉన్నాయి: కాలేజీలో డ్యాన్స్ మానేశాను, పరుగు మానేశాను, పెళ్లిళ్లలో ఫొటోలకి వెనక వరసలో నిలబడటం నేర్చుకున్నాను. ఈ పాత్ర నాకు నచ్చింది ఆవిడ ఒంటిని చూసి ఎవరూ ఆవిడ మాట తీసిపారేయలేరు కాబట్టి. మెడ ఎంత లోతు అనేది నేను నిర్ణయించుకుంటాను, లోపల పలక పీసు వేయిస్తాను, అది నాకు హాయిగా ఉంటుంది కాబట్టి. అమ్మని కచ్చా కుట్టు రోజున టైలర్ దగ్గరికి తీసుకెళ్తాను, తను కూడా చూస్తుంది.

నాగావళి_ఒడ్డు:

బాగా చెప్పారు. పెద్దమ్మగారికి ఒక మాట. 2014లో న్యూయార్క్ కామిక్ కాన్‌లో, వేషం వేసుకున్నంత మాత్రాన తాకడానికీ అడక్కుండా ఫొటో తీయడానికీ అనుమతి ఇచ్చినట్టు కాదని పెద్ద పెద్ద బోర్డులు పెట్టారు, ఆ తర్వాత ఆ మాట కాస్ప్లే చేసేవాళ్లందరికీ నినాదం అయిపోయింది. అడిగి తీసేవాళ్లే ఎక్కువ. ఎవడైనా వెంటపడితే, తాకితే వాలంటీర్‌కి చెప్పండి, మన చట్టంలో కూడా భారతీయ న్యాయ సంహిత 75వ సెక్షన్ లైంగిక వేధింపుల గురించి, 78వ సెక్షన్ వెంటపడటం గురించే. ఫొటోలు ఎవరైనా మార్చి పెడితే cybercrime.gov.in లో సైబర్ క్రైమ్ వాళ్లకి ఫిర్యాదు చేయొచ్చు. ఒంటరిగా వెళ్లకండి, ఒక ఫ్రెండ్‌ని పెట్టుకోండి, బ్యాగు పట్టుకోవడానికీ, వెనక ఓబీ సర్దడానికీ కూడా మనిషి కావాలి.

ఫొటో తీసేవాళ్లకి కెమెరా మీ ఛాతీ ఎత్తులో గానీ కాస్త కింద నుంచి గానీ పట్టుకోమనండి. పై నుంచి తీస్తే ఛాతీ ముందుకొచ్చి కాళ్లు పొట్టిగా పడతాయి, మన కష్టమంతా వృథా. ఒకటి రెండు ఫొటోలు వీపు చూపిస్తూ, భుజం మీదుగా వెనక్కి చూస్తూ తీయించుకోండి, ఆ అక్షరం కనిపించాలి కదా.

కోట_ఒటాకు:

అక్కా, నేను కుట్టుపని తెలిసినవాణ్ణి కాదు, సునాదే ఫ్యాన్‌ని. చిన్న చిన్న విషయాలు చెప్తాను. చాలామంది ఆకుపచ్చ రాయి గొలుసు కూడా కొంటారు. అది మొదటి హొకాగేది (హొకాగే అంటే ఆ ఊరి పెద్ద), పందెంలో ఓడిపోయాక ఆవిడ నరూటోకి ఇచ్చేస్తుంది. మీరు ఐదవ హొకాగేగా వేస్తుంటే గొలుసు వద్దు, ఆ డబ్బు విగ్గు మీద పెట్టండి. నుదుటి మీద ఊదా రంగు డైమండ్ గుర్తుకి గాజుల షాపులో అదే ఆకారంలో స్టిక్కర్లు దొరుకుతాయి కానీ చెమటకి ఊడిపోతాయి, స్టిక్కర్‌ని అచ్చులా పెట్టుకుని చుట్టూ గీత గీసి, తీసేసి లోపల ఐలైనర్‌తో నింపితే రోజంతా ఉంటుంది. గోళ్లకి ఎర్ర రంగు, కాలి గోళ్లకి కూడా, చెప్పులు ముందు తెరిచి ఉండేవి కాబట్టి కనిపిస్తుంది. విగ్గు లేత పసుపు రంగులో, వెనక కిందుగా రెండు జడపాయలు వదిలినట్టు ఉండాలి. మరీ బంగారు పసుపు తీసుకోకండి, ఫొటోలో బొమ్మ జుట్టులా ఉంటుంది.

ప్రయాణానికి మన స్టేషన్‌లోనే ఎక్కి నేరుగా హైదరాబాద్ వెళ్లే రైలు చూసుకోండి. టికెట్లు ముందే తీసుకోండి, పండగల టైమ్‌లో వెయిటింగ్ లిస్టు చాంతాడంత ఉంటుంది. విగ్గు తలగడ కవర్లో వేసి పై బెర్తులో పెట్టుకోండి.

గంటస్తంభం_అమ్మాయి:

అందరికీ చాలా థ్యాంక్స్. నిన్న రాత్రి అద్దం ముందు నిలబడి పై ఛాతీ కొలిచాను, 36 పైన ఒక పావు వచ్చింది, అంటే శ్రీకాకుళం అక్క లెక్క సరిపోయింది. శనివారం కోరా, ట్విల్, లైనింగ్ కొంటాను, హావొరీ గుడ్డకి ఆదివారం పొందూరు. కుట్టుమిషన్ అక్కా, ఒక డౌటు. జపాన్‌లో కిమోనో కట్టేటప్పుడు నడుముకి తువాళ్లు చుట్టి ఒళ్లంతా నిటారుగా ఒకే మందంలో కనిపించేలా చేస్తారని ఒక వీడియోలో చూశాను. నేనూ అలా చేయాలా? ఓబీ లోపల ఏం పెట్టించాలి, వెనక జిప్పా హుక్కులా?

కుట్టుమిషన్_శ్రీకాకుళం:

తువాళ్లు వద్దు చెల్లీ. అది అసలైన కిమోనో పద్ధతి, అక్కడ వంపు కనిపించకుండా తీర్చడమే అందం. సునాదేది కిమోనో పోలికలో గీసిన వేరే డ్రెస్, దానికి చేతులు కూడా లేవు, నడుము సన్నగా ఛాతీ నిండుగా కనిపించాలి. మీకు ఛాతీ కింద 34, నడుము 34, రెండూ ఒకటే కాబట్టి ఓబీ అక్కడ జారకుండా చక్కగా కూర్చుంటుంది. పై అంచు సరిగ్గా బ్రా పట్టీ కింద ఆగాలి, దాని మీదికి ఎక్కితే ఛాతీని పైకి నెట్టి మెడ దగ్గర తెరుచుకుంటుంది. లోపల రెండు పొరల కాన్వాస్, పక్కల్లో రెండు ప్లాస్టిక్ బోన్లు (గుడ్డ నిటారుగా నిలబెట్టే సన్నటి పట్టీలు), లేకపోతే కూర్చోగానే మడత పడుతుంది.

జిప్ వద్దు, హుక్కులు పెట్టించండి, రెండు వరసలు, వరసకీ వరసకీ మధ్య అంగుళం ఎడంతో. పొద్దున ఖాళీ కడుపుతో లోపలి వరస, భోజనం చేశాక బయటి వరస. పై డ్రెస్ పక్క కుట్టుల్లో కూడా లోపల ఒక అంగుళం గుడ్డ వదలమనండి, వచ్చే ఏడాది విప్పుకోవడానికి పనికొస్తుంది. కచ్చా కుట్టు రోజున ముందూ పక్కా రెండు ఫొటోలు, ముఖం లేకుండా, ఇక్కడ పెట్టండి, డాట్ ఎక్కడ ఆగాలో గీసి చెప్తాను.